మాస్టారి గొంతు

మాస్టారు చనిపోయాక కూడా పాఠం ఆగలేదు.

క్లాసులో తెర మీద ఆయన రికార్డు చేసిపెట్టుకున్న వీడియో నడుస్తోంది. ఫోన్ మోగితే మాస్టారు, "మీరు చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని బయటికి నడిచారు. కారిడార్ చివర లిఫ్ట్ తలుపులు మర్యాదగా తెరుచుకున్నాయి. ఆయన చూపు చేతిలో ఫోన్ మీద ఉంది. లోపల లిఫ్ట్ లేదు. చీకటి ఉంది.

క్లాసులో పిల్లలకి ఏమీ తెలియదు. తెర మీద మాస్టారు జోకు వేస్తే నవ్వారు. "ప్రోగ్రాంలో తప్పు వల్ల మనిషి పోతే పాపం ఎవరిది?" అని ఆయన అడిగితే తలలు వంచి రాసుకున్నారు. గంట కొట్టేదాకా పోయిన మనిషి దగ్గరే పాఠం విన్నారు.

పోలీసులు సాఫ్ట్‌వేర్ లోపం అని తేల్చేశారు. బయటి నుంచి ఎవరో లిఫ్ట్ కంట్రోల్‌లోకి దూరి, పని ముగించుకుని, తలుపు వేసి మరీ వెళ్ళారని గూఢచారి ఏజెన్సీకి మాత్రమే తెలుసు. మాస్టారు యూనివర్సిటీలో కంప్యూటర్ ఎథిక్స్ చెప్పే లెక్చరర్. అదే సమయంలో ఏజెన్సీకి పాతకాపు.

ఏజెన్సీ ఆఫీసు ఒక లాండ్రీ మీద మేడలో ఉంటుంది. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వస్తుంటే, చీఫ్ కిటికీ మూశాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంటు మారుపేరు గోరింక. అతనికి పని నేర్పింది మాస్టారే.

"ఆ క్లాసు నువ్వు తీసుకోవాలి," అన్నాడు పెద్దాయన.

"నేనా సార్? ఎథిక్సా? అబద్ధాలాడ్డానికి పెట్టుకున్న మనిషిని నేను."

"అందుకే నీకు బాగా తెలుసుంటుంది. విను. దర్జీలు మళ్ళీ దిగారు."

దర్జీలు అనేది ఆ విదేశీ ముఠాకి ఏజెన్సీ పెట్టిన పేరు. ఒకడికి కాలరు ఇస్తారు, ఇంకొకడికి చెయ్యి ఇస్తారు. ఎవడి ముక్క వాడు బుద్ధిగా కుట్టిస్తాడు. తొడుక్కునేది ఎవరో కుట్టినవాడికి తెలియదు.

"ఈసారి కుట్టుపని ఫైనలియర్ పిల్లలకి ఇచ్చారు, ప్రాజెక్టుల పేరుతో. ఆ సంగతి పసిగట్టాడు గనకే మాస్టారు పోయాడు. చొక్కా ఎవరి కొలతలకో తెలియాలి. ఇండస్ట్రీ మెంటార్ అని అక్కడ ఒక మేడమ్ ఉంది. దర్జీల మనిషిలా నటిస్తున్న మన మనిషి. నీకు సాయం చేస్తుంది."

గోరింక లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"అక్కగారికి చెప్పారా సార్?"

మాస్టారి అక్క ఒకప్పుడు దర్జీల కంపెనీలో ఇంజినీరు. వాళ్ళ గుట్టంతా మోసుకుని పారిపోయి వచ్చింది. త్వరలో కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందాకా ఒక నర్సింగ్ హోమ్‌లో రోగి పేరుతో దాచారు. ఫోన్‌లో తమ్ముడి గొంతు వింటే తప్ప గది దాటదు. అది తమ్ముడు పెట్టిన నియమం.

"చెప్పలేదు. చెప్పం," అన్నాడు పెద్దాయన. "ఊళ్ళో లేడన్నాం. సాక్ష్యం అయ్యాక తీరిగ్గా ఏడుస్తుంది."

ఇది అన్యాయం సార్ అనబోయి, గోరింక తలుపు తీసుకుని మెట్లు దిగాడు.

చెంపల దగ్గర నెరుపు, వదులు చొక్కా, మందపాటి కళ్ళజోడుతో గోరింక లెక్చరర్ అయిపోయాడు. కళ్ళజోడు కాడలో ఉన్న యంత్రం అతని గుసగుసని పెద్దాయనకి చేరవేస్తుంది, పెద్దాయన మాటల్ని చెవి వెనక ఎముకలోంచి వినిపిస్తుంది. పక్కనున్న వాళ్ళకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు.

కానీ ఆ బిల్డింగ్‌లో అతన్ని భయపెట్టింది వేరే గొంతు. పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్లలు ఎక్కడ చూసినా మాస్టారి వీడియోలు పెట్టుకుని చదువుతున్నారు. మెట్ల మలుపులో ఆయన గొంతు. లైబ్రరీ తలుపు తోస్తే ఆయన గొంతు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన కుర్చీ వీపున స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. పక్క గదిలోంచి ఆయన ఎవరికో నచ్చజెబుతున్నారు: "చట్టం ఒప్పుకుంది కదా అంటే చాలదు బాబూ..." గోరింక ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు. నిలబడే కాఫీ తాగాడు.

"ఈ బిల్డింగ్‌లో లిఫ్ట్ పనిచేస్తుందాండీ?"

వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్న కోడ్. గోరింక తిరగకుండానే జవాబు కోడ్ చెప్పాడు. "పైకి వెళ్ళేవాళ్ళకి మాత్రమే."

మెంటార్ మేడమ్ నవ్వింది. మెడలో పట్టు స్కార్ఫ్, మనిషి వెళ్ళిపోయాక కూడా గదిలో ఉండిపోయే సెంటు. ఆమె నడుస్తుంటే కారిడార్‌లో ఫోన్లు చూసుకునేవాళ్ళు కూడా తలలెత్తారు.

"పాపం, మాస్టారంటే నాకు ప్రాణం," అంది. "పిల్లలు అమాయకులు. వాళ్ళ జోలికి వెళ్ళకండి. అసలు మనిషిని నేను పట్టిస్తాను. మీరు హాయిగా పాఠం చెప్పుకోండి."

కన్నీళ్ళు కూడా వచ్చాయి. కాటుక మాత్రం చెదరలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు. గోరింకకి పాఠం రాదు. అందుకని పిల్లల్నే వాళ్ళ ప్రాజెక్టుల గురించి చెప్పమన్నాడు. ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"మీ ప్రోగ్రాం ఎవరి మీద పనిచేస్తుందో వాళ్ళని అడిగారా?"

ముందు బెంచీలోంచి పొడుగాటి కుర్రాడు లేచాడు. "మాది నడక ప్రాజెక్టు సార్. ఆస్పత్రుల్లో తప్పిపోయే ముసలివాళ్ళని కెమెరాల్లో నడకని బట్టి పట్టుకుంటుంది. మంచి పనే కదా సార్?"

"ఎవరి నడకతో టెస్ట్ చేశారు?"

"మేడమ్ ఒక వీడియో ఇచ్చారు సార్. ఎయిర్‌పోర్టులో ఒకావిడ వెళ్తుంటుంది, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. సూపర్‌గా పనిచేసింది సార్! ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్ కెమెరాలో అదే నడక దొరికింది!"

చప్పట్లు కొట్టారు. ఎడమకాలు ఈడ్చే అక్కగారు చేత్తో పెట్టిన అన్నం గోరింక తిన్నాడు.

బోర్డు వైపు తిరిగి పెదవులు కదిపాడు. "సార్, నర్సింగ్ హోమ్ కాపలా?"

ఎముకలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "అక్కడ లేరయ్యా. చోటు బయటపడిందని మేడమ్ కబురు పెట్టింది. కొత్త చోటు చూడ్డానికి మనవాళ్ళని ముందే పంపించాను. మేడమ్ ఏర్పాటు చేసిన బండి వచ్చి ఆవిడని తీసుకెళ్తుంది."

"ఆ బండి మనది కాదు సార్!"

"అయినా నేను వెళ్ళి ఒప్పించేదాకా ఆవిడ గది దాటదు కదా. తమ్ముడు పిలిస్తే తప్ప."

అప్పుడే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఎవరి గొంతునైనా అనుకరిస్తుందని క్లాసంతా ఆమెని చిలక అంటారు.

"సార్, మాది గొంతు ప్రాజెక్టు. నేనూ ఎవర్నీ అడగలేదు." ఆమె కళ్ళు నిండాయి. "మాస్టారి గొంతు తయారుచేశాను సార్. వీడియోలన్నీ పెట్టి నేర్పాను. ఏం టైప్ చేస్తే అది ఆయనలాగే మాట్లాడుతుంది. ఆయన ఉన్నట్టు ఉంటుందని..."

"మేడమ్‌కి ఇచ్చావా?"

"ఇచ్చాను సార్. ఇప్పుడు లైవ్ టెస్ట్ నడుస్తోంది."

ల్యాబ్ దాకా ఇద్దరూ పరిగెత్తారు. చిలక తన సిస్టమ్ తెరిచింది. ఫోన్ కాల్ నడుస్తూనే ఉంది. ఎక్కడో కూర్చుని మేడమ్ టైప్ చేస్తున్న మాటలు తెర మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. స్పీకర్‌లోంచి మాస్టారు మాట్లాడుతున్నారు.

"అక్కా, నేనే. భయపడకు. మెట్లు నెమ్మదిగా దిగు. గేటు దగ్గర బండి ఉంది, ఎక్కేయ్."

గోరింకకి తాళం విప్పడం నేర్పిన గొంతు. అతని పెళ్ళిలో అందరికన్నా గట్టిగా నవ్విన గొంతు. ఇప్పుడు సొంత అక్కని చావు బండి ఎక్కమంటోంది.

అవతల నుంచి ఈడ్చుకుంటున్న కాలి చప్పుడు వినిపించింది. "వస్తున్నాన్రా. వస్తున్నా."

"కాల్ కట్ చెయ్యనా సార్?"

"కట్ చేస్తే ఆవిడ బండి ఎక్కాకే ఆగుతుంది. మనం మాట్లాడే దారి లేదా?"

"ఉంది సార్. మైక్ ఉంది." ఆమె వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. "లేదా... నేను టైప్ చేస్తే మాస్టారే చెప్తారు, వెనక్కి వెళ్ళిపో అక్కా అని. ఆవిడ వెంటనే వింటారు సార్. చెయ్యమంటారా?"

చెవి వెనక పెద్దాయన అరిచాడు. "చెయ్యమను! ఆ గొంతుతోనే చెప్పించు!"

అది సులువైన దారి. ఒక్క అబద్ధం, ప్రాణం దక్కుతుంది. కానీ మేడమ్ కూడా టైప్ చేస్తూనే ఉంటుంది. ఒకే గొంతు ఒకసారి రమ్మని, ఒకసారి పొమ్మని అంటుంటే, ఆ గేటు దగ్గర ఆవిడ ఏ తమ్ముడి మాట వినాలి? అంతకన్నా లోపల ఇంకొకటి గుచ్చుకుంది. పోయిన మనిషి చేత ఇంకెన్ని అబద్ధాలాడిస్తాం?

గోరింక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మైక్ దగ్గరికి లాక్కున్నాడు.

"అక్కగారూ, నేను గోరింకని. ఆగండి. మీ తమ్ముడు లేరు. చనిపోయారు. మీ దగ్గర దాచాం, తప్పు మాది. మీతో మాట్లాడుతోంది మిషను. బండి ఎక్కొద్దు."

కాలి చప్పుడు ఆగింది. కారు తలుపు తెరుచుకున్న శబ్దం. ఇంజను గురగుర.

"నమ్మకు అక్కా," అంది మాస్టారి గొంతు. "వాడు శత్రువు. ఎక్కు."

చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆవిడ మాట్లాడింది. చాలా నిదానంగా.

"నాకు అనుమానం వచ్చింది బాబూ. వాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మాటకి ముందు ఊపిరి వినిపిస్తుంది. రాత్రిళ్ళు ఆ ఊపిరి లెక్కపెట్టుకుంటూ పెంచాను వాణ్ణి. దీనికి ఊపిరే లేదు."

"మరి ఎందుకు దిగి వచ్చారక్కా?"

"ఇంకాసేపు విందామని."

ఆ మాటతో పాటే ఎవరిదో పరుగు, పెనుగులాట, ఇనుప గేటు ధడాలున మూసుకున్న చప్పుడు.

"గడియ పెట్టేశాను," అంది ఆవిడ ఆయాసపడుతూ. "స్కార్ఫ్ కట్టుకున్న పిల్ల ఒకతి బండిలోంచి దిగి చెయ్యి పట్టుకుని లాగింది. ఆ స్కార్ఫ్ నా చేతిలో ఉంది."

ఇంజను శబ్దం దూరమైంది. పెద్దాయన పంపిన జీపులు రెండో మలుపులోనే ఆ బండికి అడ్డం తిరిగాయి. బేడీలు వేస్తున్నప్పుడు కూడా మేడమ్ నవ్వు తగ్గలేదట. "నేనేం చేశానండీ? ప్రోగ్రాంలు రాసింది పిల్లలు. నేను మార్కులు వేశాను, అంతే," అందట.

చీకటి పడకముందే గోరింక చిలకని వెంటపెట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. చిలక ల్యాప్‌టాప్‌ని పసిపాపలా గుండెకి హత్తుకుని నిలబడింది.

"అమ్మా, మాస్టారి గొంతు మీ సొత్తు. అడక్కుండా తీసుకున్నాను. ఉంచమంటే ఉంచుతాను, చెరిపేయమంటే చెరిపేస్తాను. మీరే చెప్పండి."

ఆవిడ చెయ్యి చాపి ఆ మూసిన ల్యాప్‌టాప్ మీద వేసింది. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది ఉంటే నేను మళ్ళీ గేటు దాకా వెళ్తానమ్మా. చెరిపెయ్."

చిలక అక్కడే నేల మీద కూర్చుని ఆ పని చేసింది. అయిపోయాక కూడా లేవలేదు. ఆవిడే వంగి ఆ పిల్ల తల నిమిరింది.

మర్నాడు లాండ్రీ మేడ మీద పెద్దాయన ముఖం కందగడ్డలా ఉంది. "అలాంటి గొంతు మన చేతిలో ఉంటే ఎన్ని పనులు అయ్యేవో తెలుసా? ఫైలు ఏదయ్యా?"

"లేదు సార్. సొంతదారు వద్దన్నారు."

"ఎవరడిగారు ఆవిణ్ణి?"

"మేమే సార్."

పెద్దాయన అతని వంక ఎగాదిగా చూశాడు. నిట్టూర్చి ఫైలు మూసేశాడు.

"నిన్ను అక్కడికి పాఠం చెప్పమని పంపాను గానీ, నేర్చుకోమని కాదు కదయ్యా!"