మూడో లైను పట్టాలు

నరసింగరావుకి బొమ్మ రైలంటే పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు, గరివిడిలో తన మేడ మీద గది మొత్తం దానికే ఇచ్చేశాడు. రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాని మీదొకటి నొక్కి కట్టిన ఇంజను, నాలుగు వ్యాగన్లు, ఓ స్టేషను, ఓ గేటు. అన్నీ మంచమంత బల్ల మీద పరిచాడు. ఊడ్చేటప్పుడు జరపడానికి బల్ల కాళ్ళకి చక్రాలు కూడా పెట్టించాడు. అరవై దాటినోడికి ఇదేటి సరదా అని భార్య దుర్గాభవాని వేళాకోళం చేసేది గానీ, మనిషి ఇంటిపట్టునే ఉంటున్నాడు కదా అని లోలోపల సంతోషించేది.

ఆయన బెంగంతా పట్టాల మీదే. సెట్టుతో వచ్చినవి ప్లాస్టిక్ పట్టాలు. వాటిలో కరెంటు పారదు, అందుకని ఇంజనులో బ్యాటరీలు పెట్టాలి. అవేమో పట్టుమని గంట రావు. అదే ఇనప పట్టాలైతే కరెంటు పట్టాల్లోంచి చక్రాలకి, చక్రాల్లోంచి మోటారుకి ఎక్కుతుంది. రైలు రోజంతా తిరుగుతుంది. ఇలాంటివి బయటవాళ్ళు చేసి అమ్ముతారని విని, నెల్లిమర్లలో లేతు షెడ్డు నడిపే భాస్కర్‌ని పట్టుకున్నాడు. రెండు నెలలు వాడి ప్రాణం తోడేసి మరీ చేయించుకున్నాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం, ముసురు పట్టి ఉండగా, భాస్కర్ పట్టాలు తెచ్చిచ్చాడు. తళతళా మెరుస్తున్నాయి. ఇంత మంచి ఇనుము ఎక్కడ దొరికిందిరా అంటే వాడు మురిసిపోయాడు.

"మీ సైడింగుదే మావా. మూతపడిన సున్నం ఫ్యాక్టరీలో మూడో లైను పీకేసి తుక్కుకి అమ్మినారు కదా, ఓ ముక్క కొని దాన్నే సన్నంగా కోసినాను. మీ సేతికింద నడిసిన పట్టా మీ ఇంటికే వచ్చినాది."

నరసింగరావు చేతిలోని పట్టాని బల్ల మీద పెట్టేశాడు.

తొమ్మిదేళ్ళ కిందట, ఫ్యాక్టరీలోకి వ్యాగన్లు వచ్చే ఆ సైడింగుకి ఆయనే సూపర్వైజరు. వ్యాగన్లకి కొక్కేలు తగిలించే జగన్నాధం, రెండు వ్యాగన్ల మధ్యకి దూరేముందు బయట ఎర్ర జెండా కట్టేవాడు. అక్కడ కట్టుబాటు ఒక్కటే. జెండా కట్టినవాడే తియ్యాలి, అది ఉన్నంతసేపు బండి కదలకూడదు. ఆ రోజు మూడో లైను మీద బండి ఆలస్యమైపోతోందనీ, వాడు అవతలికి వచ్చేసి ఉంటాడులే అనీ, నరసింగరావు తన చేత్తోనే జెండా పీకి డ్రైవరుకి చెయ్యి ఊపాడు. జగన్నాధం అవతలికి రాలేదు. ఇంకా లోపలే ఉన్నాడు. ఆ జెండాని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టి, జగన్నాధమే తాగొచ్చాడు, జెండా కట్టలేదు అని నరసింగరావు కాగితం రాసిచ్చాడు. గుడ్డ కాలడం దుర్గాభవాని చూసింది. ఏమిటని అడగలేదు.

జగన్నాధం భార్య లక్ష్మణమ్మ ఏటా అతను పోయిన తేదీకి వస్తుంది. ఈసారి భాస్కర్ అలా వెళ్ళాడో లేదో ఇలా వచ్చి, తడి కొంగుతో గుమ్మంలో నిలబడింది.

"నాకేటీ ఇవ్వొద్దు బావూ. నా మనిసి జెండా కట్టినాడని ఒక్క మాట సెప్పండి. తాగి సచ్చినాడని ఊరంతా అంటన్నారు. నా కూతురు తలెత్తుకోనేకపోతన్నాది."

కట్టనేదు, నా కళ్ళతో సూసినాను అనేసి నరసింగరావు తలుపేసుకోబోయాడు. ఆవిడ తిట్టలేదు, మట్టి పొయ్యలేదు.

"అయితే ఆ మాట నా మనిసికే సెప్పుకోండి" అని వాన్లోకి వెళ్ళిపోయింది.

ఆ పట్టాలు వెనక్కి ఇచ్చేద్దామా అనుకున్నాడు. కానీ చేతికి అందిన సరదా ఊరుకోనివ్వదు కదా. అన్నీ బిగించి, బల్లకీ గోడవారనున్న ఇనప బీరువాకీ మధ్య సందులో నిలబడి స్విచ్చి వేశాడు. ఇంజను హాయిగా మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో ఓ అతుకు దగ్గర ఆగింది. దుమ్మేమోనని పట్టా తుడిచాడు. గుడ్డకి ఎర్రగా అంటింది. తుప్పు కాదు, జిగటగా ఉంది. గదిలో సున్నం వాసన వేసింది. దాని వెనకే చుట్ట వాసన. జగన్నాధం చుట్ట కాల్చేవాడు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మబ్బుకి గదంతా మసకేసింది.

టిక్... టిక్... టిక్...

పట్టాల అతుకుల మీద చక్రాలు. ఇంజను కదులుతోంది. నరసింగరావు ప్లగ్గు పీకేశాడు. అయినా కదులుతోంది. మెల్లగా వెనక్కి నడిచి, విడిగా ఉన్న వ్యాగనుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆ సందులో ఓ బొమ్మ మనిషి. ఆయన పెట్టింది కాదు. వ్యాగను మీద గోరంత ఎర్ర గుడ్డ... దాని అంచు కాలి ఉంది.

"జెండా తియ్యకండి బావూ..." గొంతు బల్ల కిందనుంచి వచ్చింది. "నానింకా లోపలే ఉన్నాను."

నరసింగరావు వంగి బల్ల కిందకి చూశాడు. ఎవరూ లేరు.

"నాను జెండా కట్టినానా, నేదా?"

ఒక్క మాట. అవునంటే సరిపోయేది. తొమ్మిదేళ్ళు పెంచుకున్న అబద్ధమే నోటికొచ్చింది. కట్టనేదు అన్నాడు. అని, అది కళ్ళ ముందు ఉండకూడదని గుడ్డ పీకేశాడు.

బల్ల చక్రాలు కదిలాయి.

చప్పుడు విని దుర్గాభవాని పరుగెత్తుకొచ్చేసరికి బల్లకీ బీరువాకీ మధ్య ఆయన నిలువునా ఉన్నాడు, తల మాత్రం వాలిపోయింది. నలుగురు మగాళ్ళు లాగితే గానీ బల్ల రాలేదు. లారీ గుద్దినా ఛాతీ ఇలా నలగదు అన్నాడు డాక్టరు. పిడికిలి విప్పితే కాలిన ఎర్ర గుడ్డ దొరికింది. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. పోయిన మనిషి పరువెందుకు తియ్యాలని అప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, పట్టాలు పట్టుకుపొమ్మని భాస్కర్‌కి ఫోన్ చేసింది. వాడు వచ్చేలోగా తనే విప్పేద్దామని మేడెక్కింది. పట్టపగలు, మంచి ఎండ. ప్లగ్గు పీకి వైరు చేతికి చుట్టుకుంది. అప్పుడు కనిపించింది, ముందు వ్యాగను మీద ఇంకో జెండా. ఎరుపు కాదు. నీలం గళ్ళ గుడ్డ. ఆయన ఆఖరి రోజు కట్టుకున్న లుంగీ ముక్క. ఏడుపు తన్నుకొచ్చి, తీద్దామని చెయ్యి చాపింది.

"తియ్యకే భవానీ..." ముప్ఫై ఏళ్ళు విన్న గొంతు. "నానింకా లోపలే ఉన్నాను."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వీపుకి చల్లగా ఏదో తగిలింది. బీరువా. ముందు, కడుపుకి ఆనుకుని బల్ల.

"అమ్మా..." ఈసారి బల్ల కిందనుంచి, వేరే గొంతు. "మీరు సూసినారు కదా. నాను జెండా కట్టినానా, నేదా?"

ఆయన పోయిన రోజు నలుగురు మగాళ్ళు ఎదుటి గోడ దాకా తోసి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి వెళ్ళిన బల్ల అది.