వేరు వదిలేసిన చోట

కంకిపాడులో మా ఇంటి వంటగదే మా కంపెనీ. వండేది మార్త పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆర్డర్లు తీసుకోవడం, డబ్బాలు సర్ది విజయవాడ బస్సులో వేయడం నా పని. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. ఏదైనా అంకెల్లో చెబితే తప్ప నాకు నమ్మకం కుదరదు.

మామూలు రోజుల్లో షెడ్డులో పెంచిన పుట్టగొడుగులే వండుతాం. ఉరుములు మొదలయ్యాక మాత్రం కాలవ కట్ట మీద మొలిచేవే కావాలంటారు అందరూ. వాటిని ఏరి తెచ్చేది ఆమోసు తాతయ్య. డెబ్బై దాటినా ఇంకా పొలం పనికి వెళతాడు. ఒక్కసారి వాసన చూసి మంచివేవో చెడ్డవేవో చెప్పేస్తాడు. ఆ ముక్కు మీద వ్యాపారం నడపడం ఇష్టం లేక, పుట్టగొడుగులను గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకున్నాను. ఫోటో తీస్తే అదేం రకమో, ఎంత శాతం ఖాయమో చెబుతుంది. తొంభై దాటితే వండుతాం. దాటకపోతే ఒక గొడుగు తుంచి తెల్ల కాగితం మీద బోర్లిస్తాను. తెల్లారేసరికి కింది మడతల్లోంచి సన్నటి పొడి రాలి, కాగితం మీద బండి చక్రం ఆకుల్లా గీతలు పడతాయి. ఆ పొడి రంగును బట్టి కూడా రకం తెలుస్తుంది. యాప్‌ను అలా రెండు వందల పన్నెండు సార్లు పరీక్షించాను. తొమ్మిదే తప్పాయి.

పోయినేడాది జూలైలో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాలవేళకి, తాతయ్య బుట్ట తెచ్చాడు. ముప్ఫై ఏడు. ఒక్కోటి అరచేయంత. యాప్ తొంభై ఒకటి శాతం చూపించింది. కింద ఎప్పుడూ వచ్చే మాటే: 'మొదలు కనిపించడం లేదు. మొదలు ఫోటో తీయండి.'

"తాతయ్యా, వేరుతో సహా ఒక్కటి పీకి తెస్తే నీ సొమ్మేం పోయింది?"

"పీకకూడదు పాపా, తుంచాలి. వేరు వదిలేస్తేనే మళ్లీ ఏడాది అక్కడే వస్తాయి."

"యాప్ అడుగుతోంది."

"దానికి కన్నుంది గానీ ముక్కు లేదుగా." తువ్వాలుతో ముక్కు చీదుకున్నాడు. "నాకూ ఇవాళ లేదనుకో. రొంప పట్టింది."

నవ్వి బుట్ట లోపలికి ఇచ్చేశాను. పిన్ని వాటిని పసుపు నీళ్లలో కడిగి పొయ్యి మీద పెట్టేసింది. అప్పుడు నాలో లెక్క మొదలైంది. తొంభై ఒకటి శాతమంటే వందలో తొమ్మిది తప్పు కావచ్చు, ముప్ఫై ఏడింటిలో మూడు. ఆ మూడు ఎవరి డబ్బాలో పడతాయి?

"పిన్నీ, కట్ట మీద మొదలు ఫోటో తీసుకొస్తాను. అప్పటిదాకా ఎవరూ నోట్లో పెట్టొద్దు."

"ఉప్పు కూడా చూడొద్దా?"

"చూడొద్దు."

"ఉప్పు చూడకుండా కూర దించితే మీ అమ్మ పైనుంచి తిట్టిపోస్తుందే నన్ను."

చిన్న గునపం ఒకటి వేసుకుని స్కూటీ తీశాను. రెండు కిలోమీటర్లు. కట్ట చేరేసరికి మబ్బు కమ్మి, కాలవ నీళ్లు నల్లగా కనిపించాయి. గాలి లేదు. తాతయ్య తుంచిన చోట తెల్లటి మోళ్లు వరసగా ఉన్నాయి. తుంచిన ప్రతి మోడు మీదా చిక్కటి పాలు ఊరి, ఈగలు అంటుకుని ఉన్నాయి. వాసన... విరిగిపోయిన పాలు, తడి బట్టలు, బీరువా కింద చచ్చిన ఎలుక, అన్నీ కలిసినట్టు. దీన్నా మేం పొయ్యి మీద పెట్టింది?

పక్కనే ఒకటి తుంచకుండా మిగిలి ఉంది. దాని చుట్టూ గునపంతో తవ్వాను.

జానెడు లోతున కాడ బొటనవేలంత లావైంది. ఫోటో తీశాను. అరవై నాలుగు శాతం.

ఇంకా తవ్వాను. మూరెడు. ముప్ఫై ఒకటి. వేరు చివర కనిపించలేదు. తెలుపు పోయి లేత ఎరుపు వచ్చింది. చేత్తో పట్టుకున్నాను. మెత్తగా ఉంది. జిగురుగా ఉంది. వెచ్చగా ఉంది. పైనంతా సన్నటి గరుకు... నాలుక మీద ఉంటుందే, అలాంటి గరుకు.

ఆరు శాతం. 'మొదలు ఇంకా కనిపించడం లేదు.'

పళ్లు బిగబట్టి పీకాను.

అవతలి నుంచి అదీ లాగింది.

నా గుప్పిట్లోంచి సర్రున జారి తనంతట తాను గుంతలోకి వెళ్లిపోయింది. ఆ గుంతలోంచి వెచ్చటి గాలి నా మొహం మీదకి వచ్చింది. మట్టి వాసన కాదు. అల్లం వెల్లుల్లి వాసన. వేగిన ఉల్లిపాయ. కొత్తిమీర. మా వంటగది వాసన.

ఆ వెంటనే లోపల చిన్న చప్పుడు. చప్... చప్... చప్... కూరలో ఉప్పు చూసేటప్పుడు పిన్ని నాలుక చప్పరించే చప్పుడు.

అక్కడే వాంతి చేసుకున్నాను. మూతి తుడుచుకుని స్కూటీ ఎక్కాక గాని చూసుకోలేదు, ఏ చేత్తో తుడుచుకున్నానో. జిగురు ఇంకా వేళ్ల మధ్య దారాలుగా సాగుతోంది.

ఇంట్లో పొయ్యి కట్టేసి ఉంది. పిన్ని గోడకి ఆనుకుని పీట మీద కూర్చుంది.

"తిన్నావా?"

"ఒక్క ముక్కేనే... ఉప్పు కోసం..." మాట ముద్దగా వచ్చింది. "అంగిట్లో ఏదో అడ్డం పడింది. చూడు."

నోరు తెరిచింది. నేను ఫోన్ టార్చి వేశాను. అంగిలి కనిపించలేదు. దాని చోట సన్నటి తెల్లటి మడతలు, పలచగా, తడిగా, పుస్తకం అంచుల్లా ఒకదాని పక్కన ఒకటి. అవి ఊపిరితో పాటు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి. మడతల మధ్యలోంచి ఒక కాడ గొంతులోకి దిగిపోయింది. ఆ నోట్లోంచి కూర వాసన రాలేదు. కాలవ బురద వాసన వచ్చింది.

ఫోన్లో యాప్ ఇంకా తెరిచే ఉంది. నేను అడగకుండానే చెప్పింది. తొంభై తొమ్మిది శాతం. 'మొదలు ఫోటో తీయండి.'

"పీకవే..." పిన్ని కళ్ల వెంట నీళ్లు. "పీకెయ్..."

రెండు వేళ్లు పెట్టి పట్టుకుని కొంచెం లాగాను. పిన్ని పొట్ట లోపలికి పోయింది. బొడ్డు దగ్గర చీర కదిలింది. కళ్లు తేలేసింది. ఇంకొంచెం లాగితే ఏమేం బయటికొస్తాయో...

పీకకూడదు పాపా, తుంచాలి.

తుంచాను.

టప్‌మని తెగింది. నా మణికట్టు మీదుగా పాలు కారాయి. పిన్ని దీర్ఘంగా ఊపిరి పీల్చి మంచినీళ్లు అడిగింది. ఆ గొడుగునూ కూరనూ పెరట్లో గొయ్యి తీసి, కిరసనాయిలు పోసి తగలబెట్టాను. ఉడికిన మాంసం వాసన వచ్చింది. మర్నాడు విజయవాడలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, ఏమీ లేదన్నాడు. చిన్న మచ్చ, అంతే.

పుట్టగొడుగులు మానేశాం. ఇప్పుడు పచ్చళ్లు పెడుతున్నాం. యాప్ తీసేశాను. ఏడాదంతా పిన్ని బాగానే ఉంది. నేను మాత్రం ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ నోరు తెరిపించి చూశాను. యాభై ఒక్క వారాలు. ఏమీ లేదు.

నిన్న సాయంత్రం ఈ ఏటి మొదటి ఉరుము ఉరిమింది.

తెల్లవారగానే లేచి పిన్ని మంచం దగ్గరికి పరిగెత్తాను. నోరు తెరిపించాను. శుభ్రంగా ఉంది. ఆ మచ్చ కూడా లేదు. "పిచ్చిదానా, కాఫీ పెడతా ఉండు," అని నవ్వి లేచింది. తిరిగొచ్చి నా పక్క సర్దబోయాను.

తెల్ల దిండు గలీబు మీద, నేను నోరు ఆనించి పడుకున్న చోట, లేత గులాబీ రంగు పొడి. బండి చక్రం ఆకుల్లా గీతలు.

వంటగదిలోంచి పిన్ని పిలుస్తోంది. జవాబు చెప్పాలంటే నేను నోరు తెరవాలి.