రెండు పేజీల కష్టాలు

ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె గడియారం వైపు చూడడం ఇది ఆరోసారి. ఎనిమిదింపావు. పది గంటలకి ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద బదిలీల జాబితా పడుతుంది. అందులో అద్దం ఉన్నాడని ఆమెకి నిన్న సాయంత్రమే తెలిసింది.

అద్దం అతని అసలు పేరు కాదు. అతను మెరుగుపెట్టిన కుళాయిలో చూసుకుని తల దువ్వుకోవచ్చని షెడ్డులో తోటివాళ్లు పెట్టిన పేరు. ఆ షెడ్డులోకి రోబో చేతులు వస్తున్నాయి. మనుషుల్ని పంపెయ్యకుండా, ఒళ్లు హూనమయ్యే పని యంత్రానికి, నేర్పు కావాల్సిన పని మనిషికి పంచాలన్నది కంపెనీ ఆలోచన. ఎవరికి ఏది కష్టమో అడిగి రాసుకురమ్మని హెచ్.ఆర్. నుంచి ఈమెని పంపారు.

మొదటిరోజే అద్దంతో పేచీ వచ్చింది.

“కష్టమా? మీరు అలా ఎదురుగా నిలబడితే చెయ్యి ఆడడం లేదు మేడం. అది రాసుకోండి.”

“దానికి కాలమ్ లేదండీ.”

“గీసుకుంటే పోలా?”

షెడ్డంతా నవ్వింది. ఆమె నిజంగానే స్కేలు కోసం సంచిలో వెతికింది.

మిగతావాళ్లతో తలా ఓ అరగంట మాట్లాడిన మనిషి, అతనితో నాలుగు రోజులు మాట్లాడింది. సాయంత్రానికి భుజం లాగడం, దుమ్ముకి కళ్లు మండడం, మెరుగుపెట్టే చక్రం అదురుకి వేళ్లు తిమ్మిరెక్కడం, ఏదీ వదల్లేదు. అందరివీ నాలుగేసి వరుసలు, అతనివి రెండు పేజీలు. మొదటి రోబో చెయ్యి అతని పక్కకే రావాలని ఆమె ఆశ. అవి చదివిన పై అధికారులకి మాత్రం, ఈ పనికి పనికిరాని మనిషి షెడ్డు మొత్తంలో ఇతనొక్కడే అనిపించింది. దూరాన ఉన్న గోడౌనుకి వేసేశారు.

తలుపు చప్పుడైంది. తల్లి వెళ్లి తీసింది.

“ఎవరు బాబూ?”

“ఫ్యాక్టరీ నుంచండీ. మీ అమ్మాయిగారు నాకు గోడౌన్‌లో ఉద్యోగం ఇప్పించారని ఫోర్‌మన్ చెప్పాడు. థాంక్స్ చెప్పి పోదామని.”

“మంచిదేగా. కూర్చో.”

“మంచిదేనండీ. పదేళ్లు చక్రం పట్టిన చేతికి తాళంచెవుల గుత్తి ఇస్తారట.”

ఆమె చేతిలో చొక్కా కుప్ప మీద పడేసింది. “నేను మంచికే రాశాను.”

“నాకెందుకు రెండు పేజీలు? మా షెడ్డు పెద్దాయన దగ్గు వీధి చివరికి వినబడుతుంది. ఆయనకి నాలుగు వరుసలేగా?”

“ఆయన చెప్పింది అంతసేపు వినలేదు.”

“నాది ఎందుకు విన్నారు?”

ఆమె బల్ల మీదున్న కాగితం తీసి ఇచ్చింది.

‘ఈ కార్మికుడంటే నాకు ఇష్టం. అందువల్ల నేను రాసినది అందరికీ సమానంగా లేదు. వేరొకరు ఇతనితో మళ్లీ మాట్లాడాలి.’ కింద ఆమె సంతకం. పక్కన ఇంకో సంతకానికి ఖాళీ.

“పదిలోపు ఆఫీసుకి అందితే జాబితా ఆపుతారు. ఒకరంటే ఒకరికి ఇష్టమని ఇద్దరూ సంతకం పెట్టాలని రూలు,” అంది నేల చూపులు చూస్తూ. “మీకు అలాంటిదేమీ లేకపోతే చించెయ్యండి.”

అతను రెండుసార్లు చదివాడు. మొహంలో కోపం పోయింది. దాని చోటికి ఏం వచ్చిందో ఆమెకి అంతుపట్టలేదు.

“మరి నీ సంగతి?”

గారూ లేదు, మేడమూ లేదు.

“హెచ్.ఆర్.లో ఉండనివ్వరు. స్టోర్స్‌కో ఎక్కడికో వేస్తారు.”

“ఎంత నిమ్మళంగా చెబుతున్నావు.”

“కాళ్లు వణుకుతున్నాయి. బట్టల కుప్ప అడ్డంగా ఉంది కాబట్టి కనబడడం లేదు.”

తల్లి అతని భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూసింది.

“ఊళ్లో అందరి కష్టాలూ రాస్తుంది. ఈ ఒక్క ముక్క మాత్రం కన్నతల్లికి చెప్పలేదు,” అంది. తర్వాత అతని వైపు తిరిగింది. “పెన్ను కావాలా బాబూ?”

అతను పెన్ను అందుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. కాగితం గరగరలాడింది. సంతకం చేశాడో, మడిచాడో, చూసే ధైర్యం లేకపోయింది. కళ్లు తెరిచేసరికి అతను గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. కాగితం మడత అతని జేబులో ఉంది. వెళ్లిపోయాడు.

ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వీధి మలుపులో ఎడమకి వెళ్తే అతని అద్దెగది. కుడికి వెళ్తే ఫ్యాక్టరీ. మలుపు దాకా నడిచి అతను క్షణం ఆగాడు. వాచీ చూసుకున్నాడు. కుడివైపు తిరిగి పరుగందుకున్నాడు.