కర్ర చప్పుడు

గోదావరి మీది మంచు క్వార్టర్ల సందుల్లోకి పాకి ఎదురింటి జామచెట్టును సగం మింగేసింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన సదయ్య గడపలో ఆగి, ద్వారం పైగోడను చేతికర్రతో తట్టాడు. ముప్పై ఏళ్లుగా బొగ్గుబాయిలో పైకప్పు తట్టి, గట్టిగా మోగితే మనుషుల్ని లోపలికి పంపి, బోలుగా పలికితే వెనక్కి పిలిచిన మనిషి. ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు.

కూతురు యమున చాయ్ గ్లాసుతో కలలో ఉన్నట్టు కూర్చుంది. హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది, మనసంటే ఏమిటో తరచి చూసే తత్వశాస్త్రం. సోమవారం చేరాలి. తల్లి సారవ్వ మాత్రం ఇంకో కాగితం ముందు పెట్టింది. మోకాళ్ల నొప్పులతో సదయ్య గని పనికి అన్‌ఫిట్ అని తేలితే, కంపెనీ రూలు ప్రకారం ఆ కొలువు బిడ్డకొస్తుంది. యమున సంతకమే తరువాయి.

"మనసు సదువుతదట. అది యాడుంటదో జర చూపియ్యుమను," అంది సారవ్వ. ఇంటికొచ్చిన కొలువును కాలదన్నేవాళ్లను ఎక్కడా చూడలేదని గిన్నెలు తోముతూనే దెప్పింది.

యమునకు మండింది. "మొన్ననే గుట్టెక్కినవ్ బాపు. నీ మోకాళ్లకేం కాలే. నా సదువు ఆపేతందుకే గిట్ల చేస్తున్నవ్."

సదయ్య అటు తిరిగి మళ్లీ గోడ తట్టాడు. ఎప్పుడూ మెడ వంచి చెవి పెట్టేవాడు, ఇవాళ అరచెయ్యి ఆనించాడు. యమునకు అనుమానమొచ్చింది. అతని ఎడమ పక్కకు వెళ్లి మెల్లగా పిలిచింది. అతను తిరగలేదు.

భుజం తాకింది. "ఈ చెవి ఎన్నాళ్ల సంది ఇనొస్తలేదు?"

"ఏడాదాయె." అతను కర్రను గోడకు ఆనించాడు. "నా చెవిని నమ్మి పన్నెండు మంది కప్పు కిందికి పోతరు బిడ్డా. ఏ మొఖంతోని చెప్పాలె?"

పరాయి మనసు తెలుసుకోవడం గురించి యమున పుస్తకాలకు పుస్తకాలు చదివింది. ఒకే ఇంట్లో ఉండి ఈ మనసును వినలేదు. కళ్లు తుడుచుకుని కాగితం లాక్కుంది. సంతకం పెడతానని, ఇక బాయి దిగొద్దని బతిమాలింది.

సదయ్య ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. చెవి సంగతి ఇవాళే చెప్పేసి, బాయి పైన ఏదన్నా డ్యూటీ అడుక్కుంటానన్నాడు. సారవ్వ తడి చేతులతోనే అటక మీది బ్యాగు దించింది.

"ఇంతకూ అక్కడేం నేర్పుతరు?" సదయ్య అడిగాడు.

"ఎదుటోళ్ల లోపల ఏమున్నదో బయటి నుంచి ఎట్ల తెలుస్తదని."

సదయ్య తడికళ్లతోనే నవ్వాడు. "నేను గదే చేసిన గదనే ఇన్నేండ్లు. నువ్వు కొట్టకుండ ఇనుడు నేర్చుకో."

యమున లేచి, అతని కుడి చెవి వైపు వచ్చి కూర్చుంది.