ఆపరేషన్ ఎనేబుల్ కంటెంట్

చెన్నై జార్జి టౌన్‌లో పట్టపగలు, బస్తాలు లాగే ఇనపకొక్కెంతో బాలసుందరాన్ని చంపారు. చంపినవాడు కూలీ వేషంలో వచ్చాడు. మెడలోకి కొక్కెం దించి, బస్తాను లాగినట్టే లాగి, తోపుడుబళ్ల మధ్య కలిసిపోయాడు. బాలసుందరం చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అవతల గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ వెంకటాచలం చివరిదాకా విని లైన్ కట్ చేశాడు.

సౌకార్‌పేటలో గాజుల హోల్‌సేల్ షాపు పైన, బోర్డు లేని ఆఫీసు. ఏజెంట్ మోహన్‌రాజ్ వచ్చేసరికి ప్రొజెక్టర్ వెలుగుతోంది. తెరమీద ఒక ఎక్సెల్ షీట్. దాని నెత్తిన ఎర్రపట్టీ.

"మాక్రోలు బ్లాక్ చేశామని ఎక్సెల్ చెబుతోంది," అన్నాడు చీఫ్. "తొండియార్‌పేట అమోనియా టెర్మినల్‌లో వాల్వులకు ఆర్డర్లు ఇలాంటి షీట్ నుంచే వెళతాయి. షీట్ లోపలుండే చిన్న ప్రోగ్రామ్, అదే మాక్రో, ఆ పని చేస్తుంది. విదేశీ ముఠా ఒకటి అచ్చం అలాంటి ఫైలే తయారుచేసి మెయిల్లో పంపింది. దాని మాక్రో నడిస్తే ముందు అలారాలు ఆగిపోతాయి. తర్వాత వాల్వులు తెరుచుకుని విషవాయువు బయటికొస్తుంది."

"చుట్టూ కాలనీలున్నాయి సార్."

"అందుకే ఆ చోటు ఎంచుకున్నారు. బయటినుంచి వచ్చిన ఫైల్ కాబట్టి ఎక్సెల్ ఆపింది. సిస్టమ్స్ ఆఫీసర్ బాలసుందరానికి అనుమానం వచ్చి మనకు చెప్పాడు. పోయాడు. ఇప్పుడు దాన్ని అన్‌బ్లాక్ చేయించడానికి ముఠా సెలీనాను పంపుతోంది, సపోర్ట్ ఇంజనీర్‌గా."

"మన సెలీనానా?"

"మన సెలీనానే. చాన్నాళ్లుగా వాళ్ల మధ్య ఉంటూ మనకు పనిచేస్తోంది. ఆమె చొక్కాకు పెట్టుకునే బ్రోచ్‌లో ముఠావాళ్ల కెమెరా ఉంటుంది. ఎర్రపట్టీ పోవడం చూడగానే ముఠా నాయకుడు ఆమెకు ఫోన్ చేస్తాడు, మనం ట్రేస్ చేస్తాం. ఆమె అక్కడితో ఆగిపోతుంది. నువ్వు ఏసీ మెకానిక్. 'ఫిల్టర్ మార్చాలా?' అని అడుగు. 'కడిగితే చాలు' అంటే మనతో ఉన్నట్టు."

"బాలసుందరం పేరు వాళ్లకెలా తెలిసింది సార్?"

చీఫ్ ప్రొజెక్టర్ ఆపేశాడు. "వాళ్లు సెలీనాను నమ్మాలి కదా. ఒక పేరు ఇవ్వమన్నాను."

మోహన్‌రాజ్ మెకానిక్ చొక్కా తీసుకుని మెట్లు దిగాడు.

కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఆపరేటర్ మునిస్వామి చెమటలు తుడుచుకుంటున్నాడు. టెర్మినల్ గోడవతలి వీధిలోనే అతని ఇల్లు. సెలీనా తలుపు తీసుకుని రాగానే గదంతా సెంటు వాసన నిండింది. తెల్ల సిల్క్ చొక్కా, ఎర్రటి పెదవులు, గుండెల దగ్గర మెరిసే బ్రోచ్.

"ఏందమ్మా ఇది, పొద్దున్నించి ఈ ఎర్రది పోనంటాది," అన్నాడు మునిస్వామి. "రీడింగులు ఎక్కించలేదని మేనేజరు ఒకటే తిట్లు."

"మెయిల్లోంచే తెరిచారా అన్నా? అట్లా కుదరదు. ముందు డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి ఫైల్ మూసెయ్యండి. ఇప్పుడు దానిమీద రైట్ క్లిక్. ప్రాపర్టీస్. అడుగున అన్‌బ్లాక్ అని చిన్న గడి ఉంది చూడండి, టిక్ పెట్టండి. ఓకే నొక్కి మళ్లీ తెరవండి."

మునిస్వామి చెప్పినట్టే చేశాడు. ఎర్రపట్టీ పోయింది. దాని చోట పసుపుపట్టీ వచ్చింది. 'ఎనేబుల్ కంటెంట్' అన్న బటన్ దానిమీద.

నిచ్చెన మీదున్న మోహన్‌రాజ్ ఏసీ మూత తీశాడు. "మేడమ్, ఫిల్టర్ మార్చాలా?"

సెలీనా తల తిప్పలేదు. "ఇక అవసరం రాదు."

"ఈ పసుపుదాన్ని నొక్కితే సరా అమ్మా?"

"నొక్కండి అన్నా."

మోహన్‌రాజ్ నిచ్చెన మీదినుంచి దూకేలోపే మునిస్వామి నొక్కేశాడు. గోడమీది ప్యానెల్‌లో అలారాల పచ్చలైట్లు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. మోహన్‌రాజ్ ఎస్కేప్ కీ కొట్టాడు. మాక్రో ఆగలేదు. ఆ కీ పనిచేయకుండా రాసినవాడు ముందే జాగ్రత్తపడ్డాడు.

కంప్యూటర్ వెనకనుంచి ప్యానెల్‌కు ఒకే ఒక కేబుల్ వెళుతోంది. అది తెగితే వాల్వులు ఉన్నచోటే బిగుసుకుంటాయి. అతని చెయ్యి అటు వెళ్లింది.

"ముట్టుకోకు," అంది సెలీనా. ఆమె ఉంగరంలోంచి సూది బయటికొచ్చింది. దాని మొన మునిస్వామి మెడమీద ఆనింది. "గీసుకుంటే చాలు, ఇతను పోతాడు. నా బ్యాగులో రెండు మాస్కులున్నాయి. రెండోది నీకిస్తాను."

"నేనేం చేసినా సార్?" అన్నాడు మునిస్వామి. "ఆయమ్మ చెప్పినట్టే చేసినా. ముట్టుకోబాకండి సార్. నాకు బిడ్డలుండారు."

ఆ బిడ్డలు గోడవతలే ఉన్నారని మోహన్‌రాజ్‌కు తెలుసు. అది చెప్పే వ్యవధి లేదు. ఆఖరి పచ్చలైటు రెపరెపలాడింది. అతను మునిస్వామి కళ్లలోకి చూస్తూనే కేబుల్ పీకేశాడు.

స్క్రీన్ బిగుసుకుపోయింది. వాల్వు కదల్లేదు.

సెలీనా కోపం లేకుండా, పని ముగించినట్టు, గీసింది. మునిస్వామి కీబోర్డు మీదికి ఒరిగాడు. మోహన్‌రాజ్ చేతిలోని స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికి హాయిగా అనిపించింది. ఇంకోసారి కొట్టాలనిపించింది. కొట్టాడు.

గేటు దగ్గర ఆపిన వ్యాన్‌లో సెలీనాను వెనక ఎక్కించి, తాళం వేసి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"వాల్వు?"

"తెరుచుకోలేదు సార్. మునిస్వామి పోయాడు."

"ఎవరతను?"

మోహన్‌రాజ్ చెప్పాడు.

"సరే. సెలీనా?"

"కుడిచెయ్యి విరిగింది."

"మనతో ఒప్పందం మీద సంతకానికి ఎడమచెయ్యి చాలు. ముఠాలో అందరి పేర్లూ చెబుతుంది, రేపటినుంచి మళ్లీ మన మనిషి. కడుపు మాడ్చకు, ఆకలితో ఉంటే నోరు విప్పదు."

గేటు దగ్గర ఒకావిడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. సెక్యూరిటీవాడు కన్నియమ్మా అని పిలిచి ఆగమంటున్నాడు.

"ఏమప్పా, మునిస్వామి మా ఇంటాయనే," అంది ఆవిడ, మోహన్‌రాజ్ మెకానిక్ చొక్కా చూసి. "ఫోన్ ఎత్తడంలే. ఆడ పని జాస్తిగా ఉండాదా?"

"ఉందమ్మా. ఇలా ఇవ్వండి, నేనిస్తాను."

ఆవిడ నమ్మి ఇచ్చింది. చల్లారకముందే తినమని చెప్పమంది.

అతను క్యారియర్‌ను వ్యాన్ సీటు మీద పెట్టి, స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వెనకనుంచి సెలీనా ఎడమచెయ్యి చాపి మూత తీసింది. చేపలపులుసు, అన్నం. నాలుగు ముద్దలు తిని వేళ్లు నాకింది.

"ఉప్పు కొంచెం తక్కువైంది," అంది. "రేపు చూసి వెయ్యమను."