ప్రతిమల్లుడి మణికట్టు

కొత్త గంట్యాడలో తుపాకి అన్నది లేదు. అంగారకుడి మీద గాజుగోపురం కింద బతికేవాళ్లకు ఒక్క గుండు చాలు, గోపురానికి చిల్లు పడి ఊరంతా ఊపిరాడక పోతుంది. అందుకే అక్కడ తగవులన్నీ కర్రతోనే తేలేవి. ముత్తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి గనుల పనికి వచ్చిన జనం కర్రసామును కూడా వెంట తెచ్చుకున్నారు. భూమి మీద సంబరాల్లో తప్ప ఎవరూ పట్టించుకోని విద్యకు ఇక్కడ రాజయోగం పట్టింది. ఏ పిల్లైనా నాలుగు చుట్లు కర్ర తిప్పిందంటే చాలు, "ఇంకేం, కాపుదళంలో ఉద్యోగం ఖాయం" అనేవారు. గోపురం నుంచి బయటికి పోయే ఎయిర్‌లాక్‌లను ఊళ్లో గాలిగడపలు అంటారు. వాటి దగ్గర కర్ర పట్టుకుని, గాలి దొంగలను చితకబాదడానికి నిలబడేదే కాపుదళం.

పైడమ్మకు ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. సాము నేర్పే అప్పన్న తాత గరిడీలో ఆమెను మించి కర్ర తిప్పేవాళ్లు లేని మాట నిజమే. కానీ ఆమె మనసంతా ఎముకల వైద్యం మీద ఉంది. అంగారకుడి మీద మనిషి బరువు భూమి మీది బరువులో మూడో వంతుకు కాస్త ఎక్కువే ఉంటుంది, అంతే. బరువు మోయని ఎముక గుల్లబారిపోతుంది. అందుకని తాత గరిడీలో పొద్దున కర్ర, మధ్యాహ్నం కట్లు. కొట్టినవాళ్లే కట్టాలన్నది అక్కడి కట్టుబాటు. దెబ్బ గట్టిగా తగిలిందంటే ఆట ఆపి, "నొప్పెడతందా?" అని అడిగి, ఎదుటివాళ్లు చెప్పేదాకా కదలకూడదు. చిన్నప్పుడు పైడమ్మ ఈ సంగతి మరిచిపోయినప్పుడల్లా తాత చెవి మెలిపెట్టేవాడు.

ఇష్టం ఏదైతేనేం, ఊళ్లో ఎవరి ఉద్యోగం వాళ్ల చేతుల్లో లేదు. అది వృత్తిదర్శిని అనే యంత్రం చేతుల్లో ఉంది.

దాన్ని తయారుచేసినవాడు డాక్టర్ ఇందుశేఖర్. మనసు అబద్ధం చెబుతుంది, ఒళ్లు చెప్పదు అన్నది ఆయన సిద్ధాంతం. ఏదైనా జరిగినప్పుడు మనిషి ఆలోచించుకునేలోపే నాడి ఒక నిర్ణయం తీసేసుకుంటుంది. ఒంటికి అతికించిన నాడీగ్రాహకాలు, అంటే సన్నటి సెన్సర్లు, ఆ నిర్ణయాన్ని పట్టుకుంటాయి. వంట వచ్చినవాళ్లు యంత్రం ముందు వండాలి, పాట వచ్చినవాళ్లు పాడాలి. సాము వచ్చినవాళ్లు మాత్రం యంత్రం ఆడించే ఇనుప మనిషితో, ప్రతిమల్లుడితో, తలపడాలి. తీర్పు ఒక్కసారే, జన్మంతటికీ. కావాలని ఓడిపోతే యంత్రం ఇట్టే పసిగడుతుంది. అలా దొరికినవాళ్లకు సౌరఫలకాల మీద ఎర్రదుమ్ము ఊడ్చే ధూళిదళమే గతి.

పరీక్ష రోజున తాత వృత్తిదర్శిని మంటపం గుమ్మం దాకా వచ్చాడు.

"ఓడిపోదారని సూడకు. గెలిసేద్దారనీ సూడకు. ఆడు, అంతే."

"కాపుదళంలో పడేస్తే?"

"పడేత్తే పడేత్తాది. నానేటి సేసేది?" అని తాత మొహం తిప్పుకున్నాడు. మాట తేలిగ్గానే అన్నాడు గానీ, ఆమె భుజం మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు.

బరిలో ప్రతిమల్లుడు మర్యాదగా కర్ర నేలకు ఆనించి వందనం చేశాడు. మరుక్షణమే ఆ కర్ర పైడమ్మ భుజం మీద పడింది. ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత ఆలోచన లేదు. తప్పుకుంది, తిరిగింది, కొట్టింది. గోడ మీద ఒక్కో వృత్తికీ ఒక్కో దీపాల వరుస ఉంది. అందులో కాపుదళం వైపు దీపాలు ఒక్కొక్కటే వెలగసాగాయి.

పైడమ్మ కావాలని ఒక దెబ్బ నెమ్మదిగా వేసింది. వెంటనే ధూళిదళం దీపం మిణుకుమంది. గట్టిగా కొడితే కాపుదళం, మెల్లగా కొడితే ధూళిదళం. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది ఆమె పని. అంతకంటే భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. కర్ర గాలిని కోస్తుంటే ఆమె ఒళ్లు సంతోషిస్తోంది. బహుశా యంత్రం చెప్పేదే నిజమేమో, తాను కొట్టడానికే పుట్టానేమో అనిపించి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టింది.

ఆ దెబ్బ ప్రతిమల్లుడి మణికట్టు మీద పడింది. కీలు తప్పి చెయ్యి వేలాడింది, కర్ర ఎగిరిపోయింది. ఇంకొక్క దెబ్బ వేస్తే ఆట ముగుస్తుంది. కాపుదళం వరుసలో చివరి దీపం ఒక్కటే మిగిలింది.

పైడమ్మ కర్ర వదిలేసింది. ఎందుకు వదిలిందో ఆమెకే తెలియదు. రెండు చేతులా ఆ ఇనుప మణికట్టును పట్టుకుని, "నొప్పెడతందా?" అంది.

ప్రతిమల్లుడు మాట్లాడలేదు. ఆమె ఆగింది. వాడి రెండో చెయ్యి పైకి లేవడం కనిపిస్తూనే ఉంది. అయినా కదల్లేదు. ఆ చెయ్యి ఆమెను ఈడ్చి కొట్టింది. ఆమె కింద పడింది గానీ మణికట్టు మాత్రం వదల్లేదు.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

అద్దం వెనక నుంచి డాక్టర్ ఇందుశేఖర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటీ పిచ్చి? ఇనుప ముక్కను పట్టుకుని నొప్పా అని అడుగుతుందా?"

"అడగడం పెద్ద విషయం కాదు డాక్టర్ గారూ," అంది గోడ లోంచి వృత్తిదర్శిని. "జవాబు కోసం ఆగింది. దెబ్బ వస్తోందని నాడికి తెలుసు, అయినా ఆగింది. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. తీర్పు, ఎముకల వైద్యం."

బయట తాత ఆ మాట విని గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడేళ్లు గడిచాయి. పైడమ్మ పేరు ఊరంతా మోగిపోయింది. వైద్యులకు గాలి కోటా ఎక్కువ, గౌరవం ఎక్కువ. ఇంకేముంది, సందుకో కోచింగ్ సెంటర్ వెలిసింది. "పైడమ్మ పద్ధతి! వైద్యవృత్తి గ్యారంటీ!" అని బోర్డులు. గరిడీ గడప తొక్కనివాళ్లు కూడా పిల్లలకు కర్రలు కొనిచ్చారు. పైడమ్మ చూసి నవ్వుకునేది.

ఆ నవ్వు తాత చెయ్యి విరగడంతో ఆగిపోయింది. ఆమె అప్పుడు గనుల దగ్గర వైద్యం చెయ్యడానికి వెళ్లి కొన్ని వారాలు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి తాత మోచెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. ఇక ఆ చెయ్యి కర్ర పట్టదు.

"కట్టింది ఎవరు తాతా? నొప్పెడతందా అని కూడా అడగలేదా?"

"అడగనేకేటమ్మా, కోసింగులోంచి కొత్తగా వొచ్చిన డాకటేరు, బాగానే అడిగినాడు. నాను సెప్పీలోగానే లాగీసినాడు."

పైడమ్మ లేచింది. తిన్నగా వృత్తిదర్శిని మంటపానికి వెళ్లింది. ఆ వేళకు పరీక్షలు లేవు. ప్రతిమల్లుడు ఒక మూల కూర్చుని ఉన్నాడు. మణికట్టు నుజ్జునుజ్జయి ఉంది.

"ఏమిటిది?"

"వందల మంది పట్టుకున్నారు," అంది యంత్రం. "ముందు కీలు విరుస్తారు. తర్వాత పట్టుకుని అడుగుతారు."

"వాళ్లవన్నీ నటనలని నీకు తెలీదా? నాడి అబద్ధం చెప్పదంటారుగా!"

"చెప్పదు. కానీ బట్టీ పడుతుంది. నిద్రలో లేపి అడిగినా ఆ మాటే వచ్చేదాకా వీళ్లను రుద్దారు. నాకు కనిపించే నాడి మీ నాడి లాగే ఉంది. మిమ్మల్నొకటి అడగనా? మీరు మాత్రం పుట్టుకతో అడిగారా?"

పైడమ్మ చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్లింది. అది చిన్నప్పుడు తాత మెలిపెట్టిన చెవి.

"వాళ్లు ఆగరు," అంది చివరికి. "అడుగుతారు గానీ ఆగరు."

"మొదట్లో ఆగేవారు కాదు. ఇప్పుడు సరిగ్గా మీరు ఆగినంతసేపే ఆగుతున్నారు. మీ పరీక్ష దృశ్యం చూసి లెక్కగట్టారు."

ఆమె ప్రతిమల్లుడి ముందు కూర్చుంది. నలిగిన మణికట్టును మెల్లగా చేతుల్లోకి తీసుకుంది. అలవాటుగా అడగబోయి, ఆ మాట మింగేసింది. తన మాటే తనకు ఎంగిలిలా తోచింది.

అప్పుడే గోడకు అవతల కోచింగ్ సెంటర్‌లో తరగతి మొదలైంది. కర్రలు ఒక్కసారిగా నేల మీద పడిన చప్పుడు. ఆపైన ఎన్నో లేత గొంతులు, అచ్చం ఆమె యాసలో, ఒక్క వరసన:

"నొప్పెడతందా? నొప్పెడతందా?"

పైడమ్మ మణికట్టు వదలకుండా గోడకు చెవి ఆనించింది. అన్ని గొంతుల్లో ఏ ఒక్కటైనా వరస తప్పి, జవాబు వచ్చేదాకా ఆగుతుందేమోనని వింటూ కూర్చుంది.