రేపు పొద్దున డ్రాప్

టాక్సీ స్టాండులో చివరగా ఆగి ఉన్న కారు దగ్గరకెళ్ళి, ఆమె కిటికీలోకి వంగింది.

"స్టేషన్‌కి వస్తావా?"

"మీటరు పాడైంది, ఎంతిస్తారు?" అని డ్రైవర్ అడగాలి. అదీ కోడ్. ఆమె బేరమాడాలి, అతను విసుక్కోవాలి, చివరికి ఏదో ఒక రేటుకి దిగొచ్చి కారు తియ్యాలి. ఏడాదిగా ప్రతిసారీ అలాగే కలుసుకున్నారు.

ఈసారి డ్రైవర్ తల తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగుసుకుపోయి ఉన్నాయి. కాలరుకి కాస్త పైన, మెడ మీద, దోమ కుట్టినట్టు ఎర్రటి చుక్క. వెనక తలుపు సగం తెరిచి ఉంది. ఎవరో ఇప్పుడే దిగి వెళ్ళారు.

"అక్కా..." అన్నాడు. పెదవులు కదలడం లేదు. మాట గొంతులోంచి ఈడ్చుకుంటూ వస్తోంది. "డ్రాప్... రేపు పొద్దున... డ్రాప్..."

"ఎక్కడ? ఎవరికి?"

కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఆగిపోయింది.

అతన్ని చంపినవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉంటారు. డ్రైవర్ని కలవడానికి ఎవరొస్తారో చూడ్డానికే ఆగి ఉంటారు. ఏడవడానికి వీల్లేదు. కనీసం ఆ కళ్ళు మూయడానికి కూడా వీల్లేదు. ఆమె నడుం నిటారుగా చేసి, వీధంతా వినపడేలా గొంతు పెంచింది.

"అంత ఎక్కడ ఇచ్చుకోనయ్యా? ఇంకో కారు చూసుకుంటాలే!"

శవంతో బేరమాడి, మూతి ముడుచుకుని, గబగబా నడిచి సందు మలుపు తిరిగింది. అక్కడ గోడకి చేరబడ్డాక గానీ కళ్ళు తుడుచుకోలేదు.

*

డిపార్ట్‌మెంట్‌లో ఆమెని అందరూ 'పిన్ని' అంటారు. ఒకసారి అక్క కూతురు ఆఫీసుకి ఫోన్ చేసి "మా పిన్ని ఉందా?" అని అడిగింది. ఆ పూట నుంచి ఏజెంట్ నంబరు పోయి ఆ పేరు స్థిరపడింది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలుస్తారు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆమె ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు. ఆఫీసు తలుపు మీద బోర్డు కూడా అదే.

కిటికీలన్నీ మూసిన గదిలో చీఫ్ ఆమె చెప్పిందంతా విన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గిపోయే మనిషి. ఇప్పుడు దాదాపు గుసగుసలాడుతున్నాడు.

"డ్రాప్. ఒక్క మాట. మన మనిషి ప్రాణం పెట్టి కొన్న మాట. దాని అర్థం చెప్పండి."

కోడ్ సెక్షన్ హెడ్ బట్టతల నిమురుకున్నాడు. అతన్ని 'బుర్ర' అంటారు. "డెడ్ డ్రాప్ సార్. ఒకడు సరుకు దాచి పోతాడు, ఇంకొకడు వచ్చి తీసుకుంటాడు. స్పై లాంగ్వేజ్‌లో మొట్టమొదటి పాఠం."

"విమానంలోంచి మనిషిని దింపితే? అదీ డ్రాపే కదా."

"అవును సార్."

"ప్లాన్ మానుకున్నా డ్రాప్ చేశామనే అంటారు. మనిషిని లేపేసినా అదే అంటారు."

"అది... అవును సార్." బుర్ర గొంతు కూడా చిన్నదైంది.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "డ్రైవర్ ఎప్పుడూ ఆ మాట మన అర్థంలో వాడలేదు సార్. డెడ్ డ్రాప్‌ని 'సరుకు పెడతారట' అనేవాడు. అతనికి డ్రాప్ అంటే స్టేషన్ డ్రాప్, హోటల్ డ్రాప్. కిరాయి మాట. ఇది ఆ మాటా కాదు, ఈ మాటా కాదు. కార్లో కూర్చున్న వాళ్ళు అంటుంటే విన్నాడు. విన్నది విన్నట్టు అప్పజెప్పాడు."

"చచ్చిపోయేవాడు డిక్షనరీ తిరగేస్తాడా పిన్నీ?" అన్నాడు బుర్ర. అని, తనే తల దించుకున్నాడు.

డ్రైవర్ పైకి పనిచేసింది 'దొర' ముఠాలో. దొర అంటే పరాయి దేశం ఇక్కడ నాటిన గూఢచారుల పెద్ద. రేవు మ్యాపులు, రాడార్ కోడ్‌లు అన్నీ అతని చేతుల మీదుగానే సరిహద్దు దాటాయి. అతని ముఖం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ చూడలేదు. చూసిన మనిషి బతికున్నవాళ్ళలో ఒక్కడే: ఒక ముసలి ఫొటోగ్రాఫరు. ఎన్నడో దొంగ పాస్‌పోర్టు కోసం దొరకి ఫొటో తీశాడు. ఆ వారమే స్టూడియో తగలబడింది. నెగెటివ్ బూడిదైంది, మంటల్లో ఆయన ఎడమ కన్ను పోయింది. మిగిలిన కంట్లో శుక్లం ముదిరి మనిషికీ మానుకీ తేడా తెలియని స్థితిలో ఉంటే, డిపార్ట్‌మెంట్ సేఫ్ హౌస్‌కి తెచ్చి రహస్యంగా ఆపరేషన్ చేయించింది. రేపు పొద్దున కట్టు విప్పుతారు. విప్పగానే అనుమానితుల ఆల్బమ్ ముందు పెడతారు.

ఎర్ర ఫోన్ మోగింది. పెద్దాయన స్పీకర్ నొక్కాడు.

"నెమలి మాట్లాడుతున్నాను." కులాసాగా, కాస్త బొంగురుగా ఉండే గొంతు. "డ్రైవర్ సంగతి తెలిసింది. సారీ. రేపు పొద్దున డ్రాప్ ఉంది, స్టేషన్ పార్సిల్ ఆఫీసు వెనక. సరుకు తీసుకోడానికి దొర స్వయంగా వస్తున్నాడు. ఉన్నవాళ్ళందర్నీ దింపండి. ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు."

నెమలి దొరకి సెక్రటరీ; పనంతా ఫోన్లోనే, అతని ముఖం తనూ చూడలేదనేది. మూడేళ్ళుగా అతని రహస్యాలు డిపార్ట్‌మెంట్‌కి అమ్ముతోంది. ఆమె చెప్పిన ప్రతి సమాచారమూ నిజమే అయింది. కాకపోతే ప్రతిసారీ ఒక పూట ఆలస్యంగా అందేది.

బుర్ర తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దాయన సేఫ్ హౌస్ దగ్గర ఒక్క గార్డుని ఉంచి మిగతా వాళ్ళందర్నీ స్టేషన్‌కి పంపమన్నాడు. పిన్నికి అది నచ్చలేదు. కానీ కాదనడానికి ఆమె దగ్గర ఆధారం ఏమీ లేదు.

*

పొద్దున్నే స్టేషన్ బయట నెమలి కారులో ఇద్దరూ కూర్చున్నారు. నెమలిది బూడిదరంగు సిల్కు గౌను, నల్ల కళ్ళద్దాలు, వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం. పిన్నిది పనిమనిషి వేషం. ఒళ్ళో గుడ్డసంచి, అందులో మడత పెట్టిన మాసిన దుప్పట్లు, వాటి కింద బేడీలు, వైర్‌లెస్. ఇద్దర్లో యజమానురాలు ఎవరో ఎవరూ అడగక్కర్లేదు.

పార్సిల్ ఆఫీసు ముందు బుర్ర కూలీ వేషంలో ఓ పెట్టె మీద కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. టికెట్ కలెక్టరు మనవాడే, పేపరు చదివేవాడూ మనవాడే. దొర మాత్రం లేడు.

"డ్రైవర్ నీకు బాగా దగ్గరా?" అంది నెమలి, అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటూ.

"అక్కా అనేవాడు."

"పెళ్ళయిందా?"

"అయింది. ఆ పిల్లకి ఇంకా చెప్పలేదు."

"పాపం." నెమలి నిట్టూర్చింది. "ఇవాళ్టితో అన్నీ తీరిపోతాయిలే. దొర ఇక్కడే దొరికితే మీ ఫొటోగ్రాఫరుకీ శ్రమ తప్పుతుంది. ఆ కంటికి కట్టు కట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాడు ముసలాయన?"

పిన్ని తల తిప్పకుండా పార్సిల్ ఆఫీసు వైపే చూసింది.

ఫొటోగ్రాఫరు ఉన్నాడని నెమలికి తెలుసు. కానీ ఆపరేషన్ సంగతి? డాక్టరుకి కూడా ఆయనెవరో చెప్పలేదు. రిటైరైన గుమాస్తా అన్నారు. కట్టు ఉందని ఈమెకి ఎవరు చెప్పారు?

ఇవాళ కట్టు విప్పుతారు. విప్పాక దూది. దూది తర్వాత చిన్న సీసా, రబ్బరు మూతి, గాజు గొట్టం. "రోజుకి నాలుగుసార్లు డ్రాప్స్ వెయ్యాలి" అని డాక్టరు ఎంత మామూలుగా అన్నాడో! మనిషిని చంపనక్కర్లేదు. ఒక్క కన్ను పోతే చాలు. డ్రాప్.

"అవును, పాపం," అంది పిన్ని. చెయ్యి దుప్పట్ల కిందకి పోనిచ్చి వైర్‌లెస్ మీట నొక్కింది. బరబరమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నొక్కకు పిన్నీ," నెమలి మెల్లగా అంది. "నా హ్యాండ్‌బ్యాగ్‌లో జామర్ ఉంది. ఈపాటికి కట్టు విప్పేసే ఉంటారు. నోరు జారింది, నాదే పొరపాటు. నువ్వంటే ఎందుకో నాకిష్టం. అందుకే నొప్పి లేకుండా చేస్తాను."

ఉంగరంలో పచ్చరాయి పక్కకి తిరిగింది. కిందనుంచి వెంట్రుకంత సూది లేచింది. డ్రైవర్ మెడ మీది ఎర్రచుక్క పిన్ని కళ్ళ ముందు కదిలింది. చెయ్యి విసురుగా వచ్చింది. పిన్ని సంచి అడ్డం పెట్టింది. సూది మాసిన దుప్పటి మడతల్లో దిగబడింది. అది బయటికి రాకముందే ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టి, బేడీ ఒక కొస దానికీ, రెండో కొస స్టీరింగ్‌కీ తగిలించేసింది.

తలుపు తోసుకుని దిగి, "కూలీ!" అని అరిచింది. బుర్ర పరిగెత్తుకొచ్చాడు.

"ఈమెని కదలనీయకు. ఉంగరం జోలికి పోకు. డ్రాప్ ఇక్కడ కాదు, ముసలాయన కంట్లో!"

బుర్ర నోరు తెరుచుకుని ఉండగానే ఆమె రోడ్డు మీది టాక్సీ ఎక్కేసింది. ఆ టాక్సీ నడిపేవాడు తాపీగా వెనక్కి తిరిగాడు.

"డ్రాప్ ఒక్కటేనా అమ్మా, రానూపోనూనా?"

ఆమె తలుపు లాగి మూసింది. "పోనీ అన్నా. ముందు పోనీ!"

*

సేఫ్ హౌస్ బొత్తాలూ దారపు ఉండలూ అమ్మే కొట్టు మీది మేడ. గార్డు ఇరుకు మెట్ల మొదట్లో నిలబడి సెల్యూట్ చేయబోయాడు. పిన్ని అతన్ని పక్కకి నెట్టి, చేతికందిన గోడని పట్టుకుంటూ పైకి పరిగెత్తింది.

గదిలో కర్టెన్లు సగం దించి ఉన్నాయి. ఫొటోగ్రాఫరు కుర్చీలో తల వెనక్కి వాల్చుకుని ఉన్నాడు. విప్పిన కట్టు ఒళ్ళో పడి ఉంది. నర్సు ఒక చేత్తో కనురెప్ప ఎత్తి పట్టుకుంది. రెండో చేతిలో డ్రాపర్. గాజు కొసన నీటిబొట్టులాంటిది గుండ్రంగా తయారై వేలాడుతోంది.

"ఆగు!"

ఆ అరుపుకి నర్సు ఉలిక్కిపడింది. వేళ్ళు రబ్బరు మీద బిగుసుకున్నాయి. బొట్టు జారింది.

అప్పటికే పిన్ని చెయ్యి ముసలాయన కంటి మీద ఉంది.

అరచేతి వెనక చర్మం సుర్రుమంది. ఎర్రటి నిప్పుకణిక పెట్టి నొక్కినట్టయింది. పళ్ళు బిగబట్టి, చెయ్యి కంటి మీది నుంచి పూర్తిగా పక్కకి తెచ్చాక గానీ ఆమె కేక పెట్టలేదు. నర్సు మోచెయ్యి తగిలి బల్ల మీది సీసా కింద పడి, నేల మీది రంగుని బుసబుసమంటూ తినేసింది. నర్సు గోడకి అతుక్కుపోయింది. "నాకేం తెలీదండీ... సీసా వీధి మెడికల్ షాపులోంచి తెచ్చింది... నాకేం తెలీదు..."

"తెలుసమ్మా, నీ తప్పు లేదు. నీళ్ళు తీసుకురా," అంది పిన్ని, చెయ్యి పొత్తికడుపుకి అదుముకుని.

"అమ్మాయీ, నువ్వేనా?" ముసలాయన మాట వినిపించిన వైపు ముఖం తిప్పాడు. ఇన్నాళ్ళూ ఆయనకి ఆమె గొంతే తెలుసు. "కన్ను తెరవచ్చా?"

"తెరవండి."

ఆయన మెల్లగా తెరిచాడు. నీళ్ళు కారుతున్న ఆ కన్ను కిటికీ వైపు, నేల మీది మచ్చ వైపు తిరిగి, చివరికి ఆమె మీద ఆగింది. చాలాసేపు చూశాడు.

"గొంతు విని ఇంకాస్త పొడుగ్గా ఉంటావనుకున్నా," అన్నాడు. తర్వాత ఆమె చెయ్యి చూశాడు. ఒళ్ళో ఉన్న కట్టు తీసి ఆమె వైపు చాచాడు.

ఆల్బమ్ సగంలోనే దొర దొరికాడు. "జుట్టుకి రంగు వేశాడు, గడ్డం పెంచాడు. ఈ చెవుల్ని ఏం చేస్తాడు? లైటు వెనకనుంచి పెడితే ఎర్రగా కనిపించేవి," అని ఒక ఫొటో మీద వేలు పెట్టాడు ఫొటోగ్రాఫరు. ఊళ్ళో ఇంగ్లీషు నేర్పే పెద్ద ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఇంగ్లీషు అక్కడ నేర్చుకున్నదే. క్లాసు మధ్యలో, చేతిలో చాక్‌పీసుతో ఉండగా పట్టుకున్నారు.

నెమలి అంతా చెప్పేసింది. గార్డు మందులు కొనే షాపువాణ్ణి కొనేశారు. డ్రైవర్ని చంపింది ఎవరని అడిగితే మాత్రం కిటికీ వైపు తిరిగింది. ఉంగరం టేబుల్ మీదే ఉంది కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు.

ఆ సాయంత్రం పిన్ని డ్రైవర్ ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల తలుపు తీసి, ఆమె ముఖం చూసి, అడగాల్సింది అడగకుండా గడపలోనే కూర్చుండిపోయింది. పిన్ని పక్కనే కూర్చుంది. "వాడు చెప్పిన ఒక్క మాట వల్లే ఓ మనిషి చూపు నిలబడిందమ్మా," అంది. ఆ పిల్ల విందో లేదో తెలియదు. చీకటి పడ్డాక గానీ ఇద్దరూ అక్కణ్ణించి లేవలేదు.

మర్నాడు ఫైలు మూసే ముందు పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ ఆపరేషన్‌కి ఓ పేరు పెట్టాలి."

"ఇంగ్లీషు మాట మాత్రం వద్దు సార్," అంది పిన్ని. "తెలుగులో, తికమక లేకుండా, ఒక్క అర్థం వచ్చే చిన్న మాట ఏదైనా చూడండి."

పెద్దాయన ఆలోచించాడు. "అయితే 'కట్టు' అని రాసుకో."

బుర్ర పెన్ను తీసి, రాయబోయి, ఆగాడు.

"ఏ కట్టు సార్? గాయానికి కట్టేదా, ఇల్లు కట్టేదా, ఫీజు కట్టేదా?"